సిగ్నల్ ఊరికి, ఎదురుచూపు వాడకా?

పోయిన ఎండాకాలం చెరువు పూడిక పనికి పోయినం. పొద్దున ఆరు గంటలకే గడ్డపారలు, తట్టలు పట్టుకొని మేమంతా హాజరు. కానీ హాజరు పడాలంటే మనిషి ఉంటే చాలదట, సిగ్నల్ కూడా ఉండాలట! మేటు అక్క ఫోన్ పట్టుకొని కట్ట ఎక్కింది. తుమ్మచెట్టు కాడికి పోయింది. రోడ్డు దాక నడిచింది. ఫొటో ఎక్కలేదు. మా చెమట కారుతనే ఉన్నది, తెర మీద చక్రం తిరుగుతనే ఉన్నది.

ఈ కూలికి జవాబుదారి ఎవరు? మేటును అడిగితే ఫోన్ ఎక్కిస్తలేదంటది. దుకాణపాయనను అడిగితే ఫోన్ మంచిగనే ఉంది, నెట్‌వర్క్ లేదంటడు. కంపెనీ మనిషిని అడిగితే టవర్ మంచిగనే ఉంది, మీ ఫోనే పాతదంటడు. ముగ్గురూ తప్పించుకున్నరు. దొరికింది మేమే.

2005 ఉపాధి హామీ చట్టం వంద రోజుల పని హక్కు అన్నది. స్మార్ట్‌ఫోన్ ఉంటేనే అని ఆ చట్టంల రాయలేదు. 2021 మే నెలలో ఫోన్ హాజరు యాప్ తెచ్చిండ్రు. 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసిండ్రు. రోజుకు రెండుసార్లు ఫొటో దిగాలె. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. పని దినాలు 125 అన్నది మంచిదే. కానీ మొబైల్ నిఘాను ఏకంగా చట్టంలకే ఎక్కించిండ్రు. నిఘా చట్టమైంది. మరి సిగ్నల్ ఎందుకు చట్టం కాలేదు? ఫోన్ కొనిచ్చే బాధ్యత ఎందుకు చట్టం కాలేదు?

మా ఫోన్లు పాతవే, ఒప్పుకుంటం. కానీ అవి ఎట్ల పాతబడ్డయో చెప్పాలె గదా. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. దానికి 2జీ, 3జీ లేనే లేవు. మా బటన్ ఫోన్ల ఆ సిమ్ము పనిచెయ్యదు. 2020 కల్లా ఎయిర్‌టెల్ దేశమంతట 3జీ మూసింది. 3జీ ఫోన్ కొన్నోళ్ళు మళ్ళ వెనక్కి 2జీల పడ్డరు. 2025 సెప్టెంబరు 27న బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ మొదలువెట్టిండ్రు. సర్కారు కంపెనీ, సంతోషమే. అయితే అది 700, 2100 మెగాహెర్ట్జ్ అలల మీద నడుస్తది. 700 అల దూరం పోతది, గోడలు దాటుతది, పల్లెకు పనికొచ్చేదే అది. ఆ బ్యాండ్ లేని ఫోన్ అయితే టవర్ పక్కన నిలబడ్డా దాన్ని పట్టదు. ఈ సంగతి నిజామాబాద్ బస్టాండు కాడ ఫోన్ అమ్మేటప్పుడు మాకు ఎవరన్నా చెప్పిండ్రా? గల్ఫ్ నుంచి కొడుకు పంపిన ఫోన్‌ల కొన్నిటికి ఇక్కడి 4జీ కాల్ పడదని ఎవరన్నా చెప్పిండ్రా? ఇగ మేముండేది ఇనుప రేకుల ఇండ్లు. ఇనుము సిగ్నల్‌ను అడ్డుకుంటది. అందుకే మా ముసలమ్మ ఆధార్ ఓటీపీ కోసం వాకిట్ల నిలబడతది.

టవర్ కులం అడుగుతదని మేం అంటలేం. కంపెనీ పైసలున్న కాడ టవర్ పెడతది. పైసలు ఎవరి కాడ ఉన్నయో, ఊరికి ఏ కొసన ఎవరిని పెట్టిండ్రో కులమే తేల్చింది. అంతే తేడా.

ఇంతకూ ఆ గాలి అలలు ఎవరివి? ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కంపెనీలు వేలంల కొనేది వాడుకునే హక్కే. పైగా పల్లెలకు సేవ అందించడానికి లెక్కగట్టిన ఆదాయంల నూటికి 5 రూపాయలు సర్కారు నిధికి కట్టాలె. ఆ నిధికి 2023 చట్టం డిజిటల్ భారత్ నిధి అని పేరు పెట్టింది. ఆ అయిదు రూపాయలు ఎవరియి? మేం చేయించిన రీచార్జీవే. 28 రోజులకు ఒక నెల అని ఏడాదికి పదమూడు నెలలు కట్టేది మేము. 2024 జూలైల రేట్లు పెంచినప్పుడు నోరు మూసుకొని కట్టింది మేము.

బోధన్ మనుషులకు ఈ కథ కొత్త కాదు. 1937లో పుట్టిన నిజాం షుగర్స్ మన చెరుకు మీద, మన రెక్కల మీద పెరిగింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతుల పెట్టిండ్రు. 2015 డిసెంబరులో మూసిండ్రు. శక్కర్‌నగర్ పేరుల శక్కర మిగిలింది. ప్రజల ఆస్తిని కంపెనీ చేతుల పెట్టి మనం పక్కకు జరిగితే ఏమైతదో మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

మహాద్ చెరువు యాది చేసుకోండ్రి. అందరూ నీళ్ళు తాగొచ్చని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. కాయితం మీద నీళ్ళున్నయి, దోసిట్ల లేవు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనాన్ని తీసుకపోయి తాగి చూపిండు. ఇయ్యాల కంపెనీ పటంల మన వాడకు కూడా రంగు పూసే ఉంటది. ఆ రంగు మన ఫోన్‌లకు రావాలె. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కుల భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు అన్నది. తీర్పు ఉన్నది, తాగి చూపేది ఎవరు?

మనమే. ప్రతి వాడల ఒక నోటుబుక్కు పెట్టుండ్రి. తేదీ, టైము, ఏ కంపెనీ, ఏ పని ఆగింది, ఇవన్నీ పదిహేను రోజులు రాయండ్రి. కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండ్రి. తేలకపోతే అదే కంపెనీల అప్పీలు అధికారి ఉంటడు, ఆయనకు రాయండ్రి. గ్రామసభల తీర్మానం పెట్టుండ్రి. ఫోన్ కొనేముందు మీ సిమ్ము ఏసి మాట్లాడి చూడండ్రి, బ్యాండ్ 28 ఉన్నదా అని అడుగుండ్రి. ఇంకోటి, మన ఇండ్లల్ల ఫోన్ మగోని జేబులనే ఉంటది. కూలికి పోయేది ఎక్కువ ఆడోళ్ళే. ముందు ఆ సిగ్నల్ మనం ఇయ్యాలె.

సర్కారును అడిగేది ఒక్కటే. సిగ్నల్ లేని రోజు మస్టర్ కాయితం మీద సంతకమే హాజరు కావాలె. యాప్ ఆగిందని కూలి ఆగొద్దు. మట్టి మోసినోళ్ళు ఉన్నరా లేరా అంటే తవ్విన గుంతే సాక్ష్యం.