బీడీ మానమంటే చాలదు

దగ్గుతో వచ్చిన కూలీకి మందు ఇచ్చి, "బీడీలు మానెయ్" అని పంపివేయడం ఆస్పత్రులలో పరిపాటి. పొలం గట్టున చుట్టో బీడీయో కాల్చడం మొవ్వ పరిసర గ్రామాలలో తరాలనాటి అలవాటు. ఒక్క మాటతో అది పోదు. నికోటిన్ అందకపోతే చిరాకు, నిద్రలేమి కలుగుతాయి. మొదటి రెండు మూడు వారాలు గడ్డుకాలం. అప్పుడే తోడు కావాలి.

2016లో కేంద్ర ప్రభుత్వం 1800-11-2356 ఉచిత టెలిఫోను సలహా ఏర్పాటు చేసింది. తెలుగులోనూ మాట్లాడతారు. 2018 నుంచి ఈ నెంబరును సిగరెట్, బీడీ ప్యాకెట్లపైనే అచ్చువేస్తున్నారు. కాని చదువురాని రైతుకూలీకి ఆ సంగతి చెప్పేదెవరు?

డాక్టర్లు ప్రతి రోగినీ పొగాకు అలవాటు గురించి అడగాలి. మానవలసిన తేదీని చీటీపై వ్రాసి ఇవ్వాలి. అవసరమైన వారికి నికోటిన్ చూయింగ్ గమ్ సూచించాలి. ఆశా కార్యకర్తలు వారం వారం ఇంటికి వెళ్ళి విచారించాలి. క్షయ రోగుల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇంటివారు దెప్పిపొడవక ధైర్యం చెప్పాలి. ఒకసారి మాట తప్పినవాడు మళ్ళీ ప్రయత్నించి మానవచ్చు. వైద్యాధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించడం అవసరం.