సూట్‌కేసులో విటమిన్-ఇ

ఇండియా వెళ్తుంటే అమ్మానాన్నలకి విటమిన్-ఇ సీసాలు సర్దుతాం మనలో చాలామందిమి, మతిమరుపు రాకుండా ఉంటుందని. అల్జీమర్స్‌లో ఆక్సీకరణ వల్ల మెదడు కణాలు దెబ్బతింటాయన్నది నిజమే. కానీ 7,540 మంది మగవాళ్ళపై జరిపి 2017లో ప్రచురించిన అమెరికా పరిశోధనలో విటమిన్-ఇ గానీ సెలీనియం గానీ డిమెన్షియాని ఆపలేకపోయాయి.

2014 నాటి వెటరన్స్ ఆసుపత్రుల పరిశోధన కథ వేరు. జబ్బు అప్పటికే మొదలైనవాళ్ళకి రోజుకి 2000 యూనిట్లు ఇస్తే, సొంత పనులు చేసుకునే శక్తి క్షీణించడం సుమారు ఆరు నెలలు వెనక్కి జరిగింది. జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదు. ఆరు నెలలపాటు తన స్నానం తనే చెయ్యగలగడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. అయితే అది డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చిన మోతాదు. రక్తం పలచబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్, వాడే పెద్దవాళ్ళకి అంత మోతాదుతో రక్తస్రావం ముప్పు ఉంది. ఈసారి సీసా కొనేముందు నాన్నగారి మందుల చీటీ తెప్పించుకుని ఆయన డాక్టరునే అడగండి.