గృహవైద్యము: మునగ



మైపాడు మొదలు కృష్ణపట్నము వఱకు గల మన నెల్లూరు సముద్రతీరమున, సరుగుడు తోటల ప్రక్కనున్న పల్లెలలో, దొడ్డియందు మునగచెట్టు కనబడుట వింత గాదు. నీరు నిలువని యిసుకనేల దానికి హితము. కొమ్మ నొకదానిని నఱికి పాతినను చిగిర్చును. ఈ జిల్లాకు వానలు ప్రధానముగా ఈశాన్య ఋతుపవనముచే ఆశ్వయుజ కార్తికములలో వచ్చును గాని, ఆషాఢమున ఎండలు తగ్గవు. మడులలోని తోటకూర వాడిపోవును. లోతుగా వేరు దిగిన మునగ అప్పుడును ఆకు నిచ్చును. ఆషాఢమున మునగాకు తినవలెనని పెద్దలు చెప్పుటలో ఈ సౌకర్యమును గలదని నాకు దోచుచున్నది. కంబళిపురుగుల బాధయే లేకున్నచో ఏ యిల్లాలును ఈ చెట్టును వాకిటికి దూరముగా నాటింపదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి, 100 గ్రాముల పచ్చి మునగాకులో మాంసకృత్తులు 6 గ్రాములకు మించియు, కాల్షియము 314 మిల్లీగ్రాములును, ఇనుము సుమారు నాలుగున్నర మిల్లీగ్రాములును, ‘సి’ విటమిను 108 మిల్లీగ్రాములును గలవు. రేచీకటిని దూరము చేయు ‘ఎ’ విటమినుగా మన దేహమున మాఱెడి కెరోటిను దీనియందు సమృద్ధిగా నున్నది. పైసా ఖర్చు లేక పెరటిలో దొరకు ఆకున కింతకంటె నేమి కావలెను?

కాని, ఒకరిని లేనిపోని పొగడ్తలతో ఉబ్బించుటను మనవారు ‘మునగచెట్టెక్కించుట’ యందురు. దాని కొమ్మ పెళుసు. ఎక్కినవాడు పడక తప్పదు. ఇప్పు డమ్మకపుదారులు మునగనే మునగచెట్టెక్కించుచున్నారు. మున్నూఱు రోగములను మాన్పునని పొట్లముల మీద అచ్చువేయుదురు. నారింజకంటె నెన్నో రెట్లు ‘సి’ విటమిను గలదందురు. ఎండిన పొడిని రసము నిండిన పండుతో తూచుట యేమి న్యాయము? పొడిని మన మొకటి రెండు చెంచాలే వాడుదుము. పైగా ఎండలో ఆరబెట్టిన యాకున ఆ విటమిను చాలవఱకు నశించును.

ఈ పొగడ్తవలన నిజముగా నష్టపడునది గర్భిణి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత గలవారు. ప్రభుత్వమువారు గర్భిణికి దినమున కొక్కటి చొప్పున 180 దినము లిచ్చు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమున్నది. పెద్ద పిడికెడు, అనగా 50 గ్రాముల మునగాకులో రెండు మిల్లీగ్రాములకు కొంచె మెక్కువ. అందును దేహమునకు పట్టునది కొంతభాగమే. మాత్ర వేసికొనిన వికారముగా నున్నదనియు, విరేచనము నల్లబడినదనియు కోడలు చెప్పగా, “మానివేయుమమ్మా, మునగాకు పప్పు చాలును” అని అత్తగారు ప్రేమతోనే యనవచ్చును. నలుపు ఇనుమువలన గలుగునదే గాని రోగము గాదు. వికారమైనచో రాత్రి భోజనానంతరము వేసికొనవచ్చును. అప్పటికిని తగ్గనిచో నర్సమ్మ నడుగవలెను. రక్తహీనత గల తల్లికి కాన్పులో రక్తస్రావమైనచో ప్రాణాపాయము. కావున పప్పును తినవలెను, మాత్రను వేసికొనవలెను.

వంట విషయమున రెండు మాటలు. లేతరెమ్మల ఆకును ఈనెలు లేకుండ దూసి, కడిగి, పప్పుతో గాని తెలగపిండితో గాని వండుడు. పోపున నూనె యుండిననే కెరోటిను దేహమున కబ్బును. పొయ్యినుండి దించిన పిదప నిమ్మరసము పిండినచో ఇనుము బాగుగా పట్టును. భోజనముతోడనే కాఫీ, తేనీరు త్రాగుట దీనికి విరుద్ధము. ఒక గంటయైనను ఎడముండవలెను. మన తీరపు పల్లెలవారు మునగాకులో ఎండురొయ్యలు వేసి వండుట రుచికే గాక ఇనుము పట్టుటకును మేలైన పద్ధతి. రొయ్యలను రెండు మూడు నీళ్ల కడిగి ఉప్పు పోగొట్టుడు. పొడి చేయదలచినచో ఆకును నీడనే ఆరబెట్టుడు.

వేరు, బెరడుల సంగతి వేఱు. వేరు ఘాటుగా నుండుటచే ఆంగ్లేయులు దానిని తమ దేశపు హార్స్‌రాడిష్ దుంపకు మాఱుగా వాడి, చెట్టునకు నా పేరే పెట్టిరి. కాని వేరుబెరడులో నరములకు హాని చేయు పదార్థములు గలవు. వేరును బెరడును గర్భాశయమును ముకుళింపజేయును. నెలతప్పినది మొదలు కాన్పు వఱకు వీని కషాయము నెవరు చెప్పినను పుచ్చుకొనవలదు. కూరగా వండిన ఆకునకు, కాయకు ఈ భయము లేదు. మధుమేహమునకు, రక్తపుపోటునకు, థైరాయిడుకు మందులు వాడువారును, రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారును, మూత్రపిండముల వ్యాధి గలవారును వైద్యునడుగక దినదినము పొడిని మ్రింగరాదు.

గింజలకు మఱొక యుపయోగము గలదు. తుపాను వెనుక నీరు మడ్డియైనపుడు మన పూర్వులు చిల్లగింజ నరగదీసి కలుపుచుండిరి గదా! ముదిరి యెండిన మునగగింజయు నాపని చేయును. పైపొట్టు తీసి, లీటరునకు ఒకటి రెండు గింజల చొప్పున మెత్తగా నూఱి, నీట కలిపి, మొదట వేగముగాను పిదప మెల్లగాను పది నిమిషములు త్రిప్పి, రెండు గంటలు కదల్పకుంచినచో మడ్డి అడుగునకు దిగును. పైతేటను వడబోసి, తప్పక కాచి త్రాగుడు, ఏలయన సూక్ష్మక్రిము లన్నియు దీనిచే చావవు. బావినీటిలోని యుప్పును తీయుట మాత్రము ఏ గింజకును శక్యము గాదు.