ముందు తప్పు దిద్దే దారి, ఆ తర్వాతే పోర్టల్

మన భూమి రికార్డు కంప్యూటర్‌లోకి పోయింది. పంట నమోదు ట్యాబులోకి పోయింది. పెట్టుబడి సాయం, రైతు బీమా పాసుబుక్కు నంబరుతో ముడిపడ్డాయి. పత్తి అమ్ముకోవాలంటే ఫోన్‌లో స్లాటు బుక్ చేసుకోవాల్సిన రోజులొచ్చాయి. కంప్యూటర్ వద్దని మన సంఘం ఏనాడూ అనలేదు. పహాణీ నకలు కోసం రోజుల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన కాలం, చేయి తడపనిదే మ్యుటేషన్ కాని కాలం మనకు తెలియనిది కాదు. పాత పద్ధతే బాగుండేదని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

మనం అడిగేది ఒక్కటే. కంప్యూటర్‌లో తప్పు పడితే దాన్ని ఎవరు దిద్దుతారు? ఎన్ని రోజుల్లో దిద్దుతారు? ఎవరి ఖర్చుతో దిద్దుతారు? ఈ మూడింటికి జవాబు లేకుండా ఏ ప్రభుత్వం ఏ పోర్టల్ తెచ్చినా దాని బరువు చివరికి రైతు నెత్తినే పడుతుంది. ధరణి మనకు నేర్పిన పాఠం ఇదే.

ధరణి కథను మొదటి నుంచి చూద్దాం. 2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. ఆ ఏడాది చివరికల్లా రాష్ట్రమంతా పూర్తి చేయాలన్నారు. ఎవరి పొలమూ కొలవలేదు. కాగితాన్ని కాగితంతో పోల్చి చూసి రాసుకున్నారు. నిజాం కాలం తర్వాత సమగ్రంగా రీసర్వే జరగని నేల మనది. తరాలుగా అమ్మకాలు, పంపకాలు, సాదా బైనామాలు నడిచిన చోట అంత తొందరలో సరిచూస్తే ఏమవుతుంది? పేర్లలో అక్షరాలు మారాయి, విస్తీర్ణంలో గుంటలు తగ్గాయి, సర్వే నంబర్లు తప్పిపోయాయి. వివాదం ఉందన్న భూములను పార్ట్-బీ అని పక్కన పెట్టారు. సాగు చేస్తున్నది ఎవరో చెప్పే అనుభవదారు కాలమ్‌ను తీసేశారు. కౌలు రైతు ఆ రోజే రికార్డుకు కనిపించకుండా పోయాడు.

ఆ లెక్కలనే 2020లో కంప్యూటర్‌లోకి ఎక్కించి తాళం వేశారు. 2020 సెప్టెంబరులో కొత్త పాసుబుక్కుల చట్టం వచ్చింది. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ధరణిని ప్రారంభించారు. నవంబరు 2 నుంచి రాష్ట్రమంతటా తాసిల్దారు కార్యాలయాల్లో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. రికార్డు సరిగా ఉన్నవారికి దానితో మేలు జరిగిన మాట నిజం. స్లాటు బుక్ చేసుకుని పోతే రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే కూర్చుండులో అయిపోయాయి. ఆ మేలును కాదనడం న్యాయం కాదు.

రికార్డులో తప్పు ఉన్నవారి గతి వేరు. 1971 నాటి పాత చట్టంలో తాసిల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవో దగ్గరికి అప్పీలుకు పోయే దారి ఉండేది. కొత్త చట్టం ఆ దారిని మూసేసింది. తాసిల్దారు కళ్ళ ముందే తప్పు కనిపిస్తున్నా ‘నా చేతిలో ఏం లేదు, కలెక్టరుకు పెట్టుకో’ అనే స్థితి వచ్చింది. కలెక్టరు దగ్గరా తేలకపోతే సివిల్ కోర్టుకు పోవాలి. రెండెకరాల రైతు సివిల్ కోర్టులో ఎన్నేళ్ళు నిలబడగలడు? ఒక సర్వే నంబరులో కొంత ముక్క ప్రభుత్వ భూమి అయితే, మొత్తం నంబరునే నిషేధిత జాబితాలో పెట్టిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట అవసరానికి గుంట భూమి అమ్ముకోవడానికి కూడా వీలు లేకుండా పోయింది.

తప్పులు బయటపడ్డాక ఒక్కో రకం తప్పుకు ఒక్కో మాడ్యూల్ చేరుస్తూ పోయారు. పాసుబుక్కులోని వివరాల సవరణకు వచ్చిన టీఎం 33 అలా తర్వాత తగిలించిందే. దానికీ రైతు మీసేవలో రుసుము కట్టాలి. తిరస్కరిస్తే మళ్ళీ దరఖాస్తు పెట్టాలి, మళ్ళీ కట్టాలి. ఎందుకు తిరస్కరించారో చాలామందికి తెలియదు. తప్పు రాసింది ప్రభుత్వం, దిద్దుడు కూలీ ఇచ్చుకున్నది రైతు. ఈ లోపల పాసుబుక్కు లేని రైతుకు పెట్టుబడి సాయం రాలేదు, బ్యాంకులో పంట రుణం పుట్టలేదు. అతను చనిపోతే ఇంట్లోవాళ్ళకు 5 లక్షల రైతు బీమా కూడా అందలేదు. ఒక్క అక్షరం తప్పు ఇంటిని ఎంత దూరం తీసుకుపోతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

పెద్ద పని అన్నాక తప్పులు జరగవా అని కొందరు అంటారు. జరుగుతాయి. అందుకే తప్పు జరిగినప్పుడు ఏం చేయాలో ముందే రాసుకోవాలంటున్నాం. బ్యాంకులనే చూడండి. ఏటీఎంలో డబ్బు రాకుండానే ఖాతాలో కోత పడితే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ సొమ్ము తిరిగి జమ చేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు బ్యాంకే కట్టివ్వాలి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఈ నిబంధన పెట్టింది. తప్పుకు గడువు ఉంది, ఆలస్యానికి జరిమానా ఉంది, ఆ జరిమానా తప్పు చేసినవాడి జేబులోంచే పోతుంది. 500 రూపాయల నోటుకు ఉన్న రక్షణ మన ఎకరం భూమికి ఎందుకు లేదు?

ప్రభుత్వాల చేత ఇలాంటి పనులు కావనడమూ సరికాదు. పక్కనున్న కర్ణాటకలో ‘భూమి’ ప్రాజెక్టు పాతికేళ్ళ కిందటిది. 67 లక్షల మంది రైతులకు చెందిన సుమారు 2 కోట్ల రికార్డులను అక్కడ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ముందు కొన్ని తాలూకాల్లో పెట్టి చూసి, తర్వాతే రాష్ట్రమంతా విస్తరించారు. తాలూకా కేంద్రంలో 15 రూపాయలు కడితే నకలు చేతికి వచ్చేది. కౌంటరు దగ్గర రైతు వైపు తిప్పి ఇంకో తెర పెట్టారు. లోపల ఏం టైపు చేస్తున్నారో రైతు తన కళ్ళతో చూసుకోవచ్చు. మ్యుటేషన్ దరఖాస్తుల్లో ముందు వచ్చింది ముందే తీయాలి, వెనక వచ్చినదాన్ని పైరవీతో ముందుకు జరపడానికి కంప్యూటర్ ఒప్పుకోదు. అక్కడ లోపాలే లేవని కాదు. కానీ రైతు వైపు తిప్పిన ఆ రెండో తెరకు ఎంత ఖర్చయి ఉంటుంది? కావాల్సింది డబ్బు కాదు, రైతుకు చూపించాలన్న బుద్ధి.

కొత్త రకం విత్తనం వచ్చిందని మనం పొలమంతా ఒకేసారి వేయం. ఒక మడిలో వేసి చూస్తాం. మొలక ఎట్లుంది, తెగులు తట్టుకుంటుందా, కాపు ఎట్లుంది చూసుకుని మరుసటి ఏడు పెంచుతాం. చదువు తక్కువైన రైతుకు తెలిసిన ఈ సంగతి లక్షల కుటుంబాల భూమిని ఒక్క రోజులో యంత్రానికి అప్పగించిన వారికి తట్టకపోవడం విచారకరం.

ఇప్పుడు భూభారతి సంగతి. 2025 ఏప్రిల్ 14న ఈ చట్టం అమల్లోకి వచ్చింది. మద్దూరు, లింగంపేట, నేలకొండపల్లి, వెంకటాపూర్ మండలాల్లో ముందు పైలట్‌గా చేపట్టారు. అప్పీలు దారి మళ్ళీ తెరిచారు. అంతకు ముందే, 2024లో, పోర్టల్ నిర్వహణను ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీకి మార్చారు. ఇవన్నీ మంచి అడుగులే. మన సంఘాలు ఏళ్ళ తరబడి అడిగినవి వాటిలో ఉన్నాయి. అయితే ఇల్లు అలకగానే పండుగ కాదు. 2025 జూన్‌లో రెవెన్యూ సదస్సులు పెడితే లక్షల్లో దరఖాస్తులు వచ్చిపడ్డాయి. 2020లో పెట్టుకున్న సుమారు 9 లక్షల సాదా బైనామా దరఖాస్తులు హైకోర్టు స్టేతో ఏళ్ళ తరబడి ఆగి, 2025 ఆగస్టులో స్టే తొలగాక కదిలాయి. పోర్టల్ పేరు మారినంత మాత్రాన ఈ గుట్ట కరగదు. కూర్చుని ఒక్కో కాగితం చూసే మనుషులు కావాలి, పొలానికి పోయి కొలిచే సర్వేయర్లు కావాలి.

పాత తప్పు కొత్త యాప్‌లోకి ఎట్లా పాకుతుందో పత్తి రైతులు 2025లో చూశారు. ఆ సీజనులో సీసీఐ కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది. పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. యాప్‌లో నమోదై స్లాటు దొరికితేనే ఆ ధర. యాప్ చూసేది రికార్డునే. రికార్డులో పేరు లేనివాడికి, కౌలుకు చేసుకునేవాడికి చిక్కు వచ్చిపడింది. ఎనిమిదేళ్ళ కింద తీసేసిన ఒక కాలమ్ ఇవాళ పత్తి మార్కెట్లో మనవాళ్ళను దళారి దగ్గరికి నెడుతున్నది.

అందుకే భూభారతికి గానీ, రేపు వచ్చే ఏ యాప్‌కు గానీ ఈ షరతులు ఉండాలని మనం డిమాండ్ చేస్తున్నాం.

ఒకటి: ప్రతి సవరణ దరఖాస్తుకూ గడువు ఉండాలి. గడువు దాటితే ఏ అధికారి దగ్గర ఆగిందో రైతుకు కనిపించాలి.

రెండు: ప్రభుత్వ తప్పును దిద్దడానికి రైతు దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. తిరస్కరిస్తే కారణం తెలుగులో రాసివ్వాలి.

మూడు: రికార్డు మారే ముందు ఆ వివరాలను గ్రామసభలో చదివి వినిపించాలి. ఎవరు, ఏ తేదీన, ఏం మార్చారో పట్టాదారుకు తెలియాలి.

నాలుగు: ఒక సాయం ఆపాలంటే ‘కంప్యూటర్ తీసుకోవడం లేదు’ అన్న మాట చాలకూడదు. వివాదం తేలేదాకా పొలం చూసి ధ్రువీకరించే అధికారం మండలంలోనే ఉండాలి.

ఐదు: ప్రతి పోర్టల్‌నూ ముందు కొన్ని మండలాల్లో కనీసం ఒక పంట కాలం నడపాలి. అక్కడి రైతులు, కౌలు రైతులు, మహిళా రైతులు చెప్పిన లోపాలు దిద్దాకే మిగతా చోట్లకు తేవాలి.

మన వైపు నుంచీ చేయాల్సిన పని ఉంది. గ్రామ కమిటీలు ఊళ్ళోని పాసుబుక్కులన్నీ ఒకసారి తీసి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూడాలి. సదస్సుల్లో ఇచ్చిన దరఖాస్తుల రసీదులు దాచి పెట్టాలి. పరిష్కారం కానివాటి జాబితా రాసి మండల కమిటీకి అందించాలి. ఒక్క రైతు ఒక్క దరఖాస్తు పట్టుకుని తిరిగితే కౌంటరు దగ్గరే ఆపేస్తారు. ఊరంతటి జాబితాతో పోతే తాసిల్దారు కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడక తప్పదు.