ఒక కోత, పది తోకలు

హోసూరు నుంచి ఒక తల్లిగారు ఉత్తరం రాశారు. ఎనిమిదో తరగతి చదివే వాళ్ళబ్బాయికి ‘కట్ డౌన్’, ‘కట్ బ్యాక్’, ‘కట్ ఆఫ్’, ‘కట్ ఔట్’ అంటూ బడిలో ఓ పట్టిక ఇచ్చి కంఠతా పట్టమన్నారట. రాత్రి అప్పజెప్పింది పొద్దుటికి తారుమారు. “కట్ అంటే కోయడమే కదా మాస్టారూ, దానికి ఈ తోకలెందుకు?” అని ఆవిడ ప్రశ్న.

నలభై ఏళ్ళు బరంపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ తోకల దగ్గర నేనూ బోల్తా పడ్డాను. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

మన భాషలో పని మారితే క్రియే మారిపోతుంది. వరి కోస్తాం, వంకాయలు తరుగుతాం, చెట్టు నరుకుతాం, గుడ్డ కత్తిరిస్తాం, దారం తెంపుతాం, గోళ్ళు తీసుకుంటాం. ఇంగ్లీషువాడు వీటిలో చాలావాటికి ఒక్క ‘కట్’తోనే సరిపెట్టుకుంటాడు. తేడా చెప్పాల్సి వస్తే వెనకాల ఓ చిన్న మాట తగిలిస్తాడు. కిటుకంతా ఆ చిన్న మాటలోనే ఉంది.

డౌన్ అంటే కిందికి. నరికిన చెట్టు కిందపడుతుంది గనుక ‘కట్ డౌన్’. బ్యాక్ అంటే వెనక్కి. కొమ్మలు గోడ దాటిపోతే చివర్లు కత్తిరించి మళ్ళీ హద్దులోకి తెస్తాం, అది ‘కట్ బ్యాక్’. తోటమాలికి ఈ రెండూ అటూ ఇటూ చేసి చెబితే మామిడిచెట్టు మిగలదు! ఆఫ్ అంటే విడిపోవడం. వరదలకు ఊరి దారి తెగిపోయినా, మాటల మధ్యలో ఫోను లైను తెగిపోయినా ‘కట్ ఆఫ్’. (మనం “ఫోన్ కట్ చేశాడు” అంటాం గానీ, కావాలని పెట్టేస్తే వాళ్ళు అనేది ‘హ్యాంగ్ అప్’.) ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు దూరితే ‘కట్ ఇన్’. ఇక ఔట్ అంటే పూర్తిగా బయటికి తీసేయడం. చెన్నై పాఠకులకు కటౌట్ గురించి నేను చెప్పాలా? చెక్కలోంచి హీరోగారి ఆకారం మేరకు కోసి తీసిందే కదా అది.

మనకు తోకలు లేవనుకోకండి. కోసుకో, కోసిపెట్టు, కోసెయ్ – ఇవేమిటి మరి? మూడేళ్ళ పిల్ల కూడా “పండు కోసిపెట్టమ్మా” అంటుంది గాని, అమ్మతో “కోసుకో” అనదు. దానికెవరూ పట్టిక ఇవ్వలేదు. ఈ సంగతి హోసూరు అబ్బాయికి చెప్పి చూడండి తల్లీ.

ఇక నా సంగతి. రెండేళ్ళ కిందట ఇచ్ఛాపురం నుంచి మా అక్కయ్య ఫోన్ చేసింది. బావగారికి బీపీ. డాక్టరుగారు రాసిచ్చిన కాగితంలో ఆఖరి వరస చదివింది: ‘కట్ డౌన్ ఆన్ సాల్ట్’. “అంటే ఏమిట్రా తమ్ముడూ?” నేను బస్సెక్కే హడావుడిలో ఉన్నాను. “ఉప్పు మానెయ్యమన్నారక్కా” అనేశాను.

మానెయ్యమనాలంటే ‘కట్ ఔట్’ అని రాయాలి. ‘కట్ డౌన్ ఆన్’ అంటే తగ్గించుకోమని మాత్రమే. బడిలో ఏటేటా బోర్డు మీద రాసి చెప్పిన పాఠమే ఇది.

అక్కయ్య పట్టుదల గల మనిషి. ఆ రోజు నుంచీ పప్పు, చారు, మజ్జిగ అన్నీ చప్పిడే. బావగారు వేసుకునేది ఒంట్లో నీరు తీసే మాత్ర. దానికి తోడు ఉప్పు బొత్తిగా లేదు. మూడో వారానికి ఆయన తూలిపోవడం, మనవణ్ణి వేరే పేరుతో పిలవడం. ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే సోడియం బాగా పడిపోయిందన్నారు. నాలుగు రోజులుంచుకుని సరిచేశారు.

“ఉప్పు పూర్తిగా మానమని ఎవరు చెప్పారమ్మా?” అని డాక్టరుగారు అడిగినప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను. అక్కయ్య నా వంక చూడనైనా చూడకుండా “నేనే సరిగ్గా చదువుకోలేదండీ” అంది.

ఆ పూట నా మనసెలా ఉందో చెప్పడానికీ ఇంగ్లీషులో కట్ ఉంది: ‘కట్ అప్’. కూరముక్కలు తరిగినా అదే మాట, మనసు ముక్కలైనా అదే.

అబ్బాయికి పరీక్షలో పనికొచ్చే ముక్క ఒకటి మిగిలింది. ‘దాన్ని’ అని చెప్పే ‘ఇట్’ ‘కట్ ఔట్’తో వస్తే మధ్యలో కూర్చుంటుంది: ‘కట్ ఇట్ ఔట్’. ‘కట్ డౌన్ ఆన్’తో అయితే చివర్న నిలబడుతుంది: ‘కట్ డౌన్ ఆన్ ఇట్’. మార్కులు పోయేది సాధారణంగా ఇక్కడే.

బావగారు ఇప్పుడు కులాసా. కూరలో చిటికెడు ఉప్పు పడుతోంది. ఆస్పత్రి నుంచి కాగితం వస్తే అక్కయ్య ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తుంది. “తోకతో సహా చదువుతున్నాను. బస్సేమైనా ఎక్కుతుంటే ముందే చెప్పు” అంటుంది.