ఎదిగే తుంటికి ఆట లెక్క కావాలి

ఫుట్‌బాల్ ఆడే పదమూడేళ్ల కుర్రాడు 'గజ్జల్లో పట్టేసింది సార్' అంటే మన మైదానాల్లో వినిపించే జవాబు ఒకటే: 'వార్మప్ చెయ్, అదే పోతుంది'. సికింద్రాబాద్‌లో ఏళ్లుగా బడి పిల్లలను ఆడిస్తున్న పీఈటీగా చెబుతున్నాను, ఆ జవాబు మానేయాలి.

ఆ వయసులో తుంటి ఇంకా తయారవుతూనే ఉంటుంది. తొడ ఎముక తలకూ మెడకూ మధ్య మృదులాస్థి పలక ఒకటి ఉంటుంది. మగపిల్లల్లో అది సాధారణంగా 16-18 ఏళ్లకు గట్టిపడి మూసుకుంటుంది. అప్పటిదాకా ఎముక తన మీద పడే ఒత్తిడిని బట్టి రూపు దిద్దుకుంటుంది. 2014లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనం ఒకటి 63 మంది కుర్ర ఫుట్‌బాలర్ల తుంటి ఎక్స్‌రేలను రెండేళ్లకు పైగా వ్యవధిలో పోల్చి చూసింది. తల, మెడ కలిసేచోట డాక్టర్లు 'క్యామ్' అని పిలిచే ఎముక ఉబ్బు ఈ ఎదిగే వయసులోనే మెల్లగా ఏర్పడుతోందని, పలక మూసుకున్నాక పెద్దగా మారడం లేదని తేల్చింది. ఉబ్బు ఉన్న అందరికీ నొప్పి రాదు. కొందరికి మాత్రం అది తుంటి గిన్నె అంచును ఒరుసుకుంటుంది, పెద్దయ్యాక కీలు అరుగుదలకూ దారితీస్తుంది.

అప్పటికప్పుడు ముంచుకొచ్చే ప్రమాదం ఇంకోటుంది. బంతిని బలంగా తన్నినప్పుడు పెద్దవాళ్లకు కండరం చిరుగుతుంది. పిల్లలకు ఆ కండరం పట్టుకున్న కటి ఎముక ముక్కే ఊడి రావచ్చు, అక్కడ ఎముక ఇంకా పూర్తిగా అతుక్కోలేదు కాబట్టి. చాలావరకు ఆపరేషన్ లేకుండానే మానుతుంది, విశ్రాంతి ఇస్తేనే. తుంటిలో తేడా వచ్చినా నొప్పి మోకాల్లో తెలియవచ్చు. కాబట్టి మోకాలి నొప్పితో కుంటే పిల్లవాడి తుంటిని కూడా డాక్టరుకు చూపించాలి.

మా పిల్లల్లో కొందరు పొద్దున బడి జట్టుకు, సాయంత్రం అకాడమీకి, ఆదివారం టర్ఫ్ మీద స్నేహితులతో ఆడతారు. ఏ కోచ్ లెక్క ఆ కోచ్‌దే. మొత్తం భారం మోసేది ఒకే శరీరం, దాని లెక్క ఎవరి దగ్గరా లేదు. వయసు లెక్క మాత్రం గట్టిగా చూస్తారు. 2009 అండర్-17 ప్రపంచకప్‌లో ఆటగాళ్ల వయసు తేల్చడానికి ఫిఫా మణికట్టు ఎంఆర్‌ఐ మొదలుపెట్టింది. ఎముక వయసు పరీక్ష మన దేశంలోనూ ఉంది. దొంగ వయసును పట్టుకోవడానికి చూపే ఆ శ్రద్ధ పిల్లవాడి ఎదుగుదలను కాపాడటానికీ చూపాలి.

ఈ ఊరి ఆటకు ఆలోచన కొత్త కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్లలో మన అమ్ముగూడ తులసీదాస్ బలరాం ఉన్నారు. ఆ జట్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసిన హైదరాబాదీ. వాటం లేని కాలితోనే ఆడాలంటూ పోటీలు పెట్టిన మనిషి ఆయన. కుర్రాళ్లకు ఏది అవసరమో చూసి ఆట పద్ధతినే మార్చారు. మనమూ అంతే చేయాలి.

ప్రతి పిల్లవాడి చేతిలో ఒక నోటుబుక్కు ఉండాలి. బడి, అకాడమీ, టర్ఫ్, ఎక్కడ ఎంతసేపు ఆడాడో అందులో రాయాలి. మూడు నెలలకోసారి ఎత్తు కొలవాలి. ఒక్కసారిగా పొడుగు సాగుతున్న నెలల్లో షూటింగ్, స్ప్రింట్లు తగ్గించాలి. వారంలో కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. గజ్జల నొప్పి వారం దాటినా, నడకలో కుంటు కనిపించినా ఎముకల డాక్టరుకు చూపించాలి. టోర్నీ నిర్వాహకులు అండర్-14 జట్లకు ఒకే రోజు రెండు మ్యాచ్‌లు పెట్టకూడదు.

తల్లిదండ్రులు భయపడి ఆట మాన్పించవద్దు. పరుగు, గెంతు ఎముకకు బలమిస్తాయి. మనం అడుగుతున్నది మోతాదు. ఒక అండర్-14 కప్పు కోసం పిల్లవాణ్ణి నొప్పితో ఆడించే హక్కు ఏ కోచ్‌కూ లేదు, నాకూ లేదు.