హాజరు పిలిచేటప్పుడు

మన సంచికలో ఏటేటా నిరుద్యోగం గూర్చీ, వరకట్నం గూర్చీ, విద్యా విధానం గూర్చీ వ్యాసాలు వస్తూనే ఉంటాయి. అవి రాయగల మిత్రులు చాలామంది ఉన్నారు. నేను పేర్ల గూర్చి రాస్తాను. ఎనిమిదేళ్ళు ట్యుటోరియల్లో పాఠాలు చెప్పి, పెళ్ళయి, కూతురు బళ్ళో చేరాక ఎం.ఏ.లో చేరినవాణ్ణి గనుక, సంఘం మిత్రులు నన్ను సహ విద్యార్థిగా కాక "మేష్టారూ" అనే పిలుస్తారు. నా అసలు పేరు సగంమందికి తెలీదు. ఆ బాధ కూడా ఈ వ్యాసంలో కాస్త ఉందేమో!

నేను రోజూ నిడదవోలు నుంచి రైల్లో వస్తాను. మా అమ్మాయి అక్కడే రెండో తరగతి. మొన్న వాళ్ళ బడి వార్షికోత్సవానికి, "మీది మంచి గొంతు, బహుమతుల జాబితా మీరు చదవండి" అన్నారు. పొంగిపోయి మైకు అందుకున్నాను. జాబితా ఇంగ్లీషులో ఉంది. లక్ష్మీ ప్రసన్నలూ, సాయి తేజలూ గడగడా వెళ్ళిపోయారు. పరుగు పందెంలో మొదటి బహుమతి దగ్గర ఎస్, కె, చుక్క, ఆ తర్వాత జి, హెచ్, ఓ, యు, ఎస్, ఇ అని ఉంది. నేను "ఎస్.కె. ఘోస్" అని చదివేశాను. వెనక బెంచీల నుంచి ఎవడో "ఘోస్ట్" అన్నాడు. హాలంతా నవ్వు. కుర్రాడు వచ్చాడు, కప్పు తీసుకున్నాడు, తల దించుకునే దిగిపోయాడు.

సభయ్యాక వాళ్ళ నాన్న దగ్గరికెళ్ళి క్షమించమన్నాను. ఆయన నవ్వి, "ఫర్వాలేదండి మేష్టారూ, మాకలవాటేనండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఏడేళ్ళ కుర్రాడికి, పందెం గెలిచిన రోజున కూడా, అలవాటు చేసుకోవలసింది ఇదా?

ఇంటికొస్తూ మా అమ్మాయి అంది: "నాన్నా, వాడు గౌస్. అంతే. నీకు గౌస్ అనడం రాదా?"

వచ్చు. తెలుగులో రాసి ఉంటే తడుముకోకుండా చదివేవాణ్ణి. పైగా ఆ "ఎస్.కె." కూడా ఇంటిపేరు పొడి అక్షరాలు కావు, షేక్ అన్న మాటని మన గుమాస్తాలు కుదించిన తీరు. మహమ్మద్‌ని "ఎం.డి." చేసినట్టే. నిండు పేరుని రెండక్షరాలు చేసి, మిగిలిన దాన్ని ఇంగ్లీషులో ముంచి, మళ్ళీ తెలుగు నోటితో పైకి తీస్తే ఘోస్ కాక మరేం వస్తుంది?

పట్టుదల వచ్చింది. అమ్మాయి తరగతిలో ఉన్న ఆ పేర్లన్నీ సరిగ్గా నేర్చుకుందామనుకున్నాను. గౌస్, ఖాదర్, ఆయిషా, జీనత్, జైనబ్. గురువు కూడా దొరికింది. మా వీధిలో పాపాయమ్మగారు చాలా ఏళ్ళు కువైట్లో ఇంటిపని చేసి వచ్చారు. గోదావరి జిల్లాల నుంచి గల్ఫు వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో మీకు తెలుసు గదా. అరబ్బీలో "ప" లేదు. అందుచేత అక్కడ ఆవిడ "బాబాయమ్మ" అయ్యారట. "బాబాయినో అమ్మనో తేలక నాకే నవ్వొచ్చేది. కానీ రాత్రి పడుకునేటప్పుడు నా పేరు నేను ఓసారి అనుకునేదాన్నయ్యా, మర్చిపోతానేమోనని" అన్నారావిడ. వాళ్ళకి "ప" లేదు, మన పాతకాలపు నోటికి "ఫ" లేదు. ఫాతిమా మా అమ్మమ్మ నోట్లో పాతిమాయే.

పాపాయమ్మగారి దగ్గర నేను మొదట పట్టింది "ఐన్" అనే అక్షరం. గొంతు అడుగున నొక్కి పలకాలి. "డాక్టరు నాలిక మీద చెంచా పెట్టినప్పుడు వస్తుందే, ఆ చప్పుడు" అన్నారు. ఆయిషా అన్న పేరు అరబ్బీలో దానితోనే మొదలవుతుంది. వారం రోజులు స్నానాల గదిలో సాధన చేశాను. మా ఆవిడ దగ్గు మందు కూడా తెచ్చింది. ఆ తర్వాత ఆయిషా మా ఇంటికి ఆడుకోడానికొస్తే, గొంతు సవరించుకుని ఘనంగా పిలిచాను. ఆ పిల్ల బెదిరి మా అమ్మాయి వెనక్కి నక్కింది. కాసేపటికి, "మా అమ్మ అలా అనదండి" అంది.

ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం. సరైన ఉచ్చారణ అరబ్బు దేశంలో ఉందనుకుని అక్కడిదాకా వెళ్ళాను. అది మా వీధి చివర ఇంట్లో ఉంది.

ఖాదర్ సంగతి చూడండి. ఈ పేరు అరబ్బీలో "ఖ"తో లేదు. కొండనాలిక దగ్గర పలికే ఒకరకం "క"తో ఉంది. మరి మనం "ఖ" ఎందుకు రాస్తున్నాం? దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఆ "క"ని "ఖ"గా పలుకుతారు గనుక. ఖాజీ, ఖైదీ, ఖురాన్ అన్నీ అలాగే తెలుగులోకి వచ్చాయి. అంటే మన పెద్దలు పుస్తకం చూసి కాక, పక్కింటివాళ్ళు పలికింది విని రాసుకున్నారన్నమాట. చెవి పెట్టి విన్నారు. మనం చేయనిది అదే.

జీనత్ దగ్గర మాత్రం నోటితో పనుంది. జామ, జున్ను, జోడు అన్నప్పటి "జ"ని మనం దంతాల దగ్గర పలుకుతాం. జీతం, జెండా అన్నప్పుడు నాలుక అంగిలికి తగులుతుంది. ఆ మొదటి "జ" జుబేదాకి దగ్గరలోనే ఉంటుంది. కానీ "ఇ" రాగానే తెలుగు నాలుక తనంతట తాను అంగిలికి పోతుంది. జీనత్ జీతమైపోతుంది. దీనికి ఉపాయం: "జా" అని మొదలెట్టి, నాలుక కదపకుండా "జీ" అనాలి, మెల్లగా గాలి వదలాలి. నాకు నాలుగు రోజులు పట్టింది.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళుంటారు. మా రైలు మిత్రుడొకాయన కొవ్వూరు దాటాక గోదావరి వంతెన మీద అందుకున్నాడు: "భాషలోకి వచ్చిన మాట ఆ భాష నోటికి లొంగాల్సిందే. జిల్లా అరబ్బీ మాటే, రైతు అరబ్బీ మాటే, హక్కు అరబ్బీ మాటే. వాటిని అరబ్బీలో పలుకుతున్నావా?" అని. నిజమే. రోజూ పొద్దున పిలిచే "హాజరు" కూడా అరబ్బీదే. జిల్లాలోని "జి"కీ, హాజరులోని "జ"కీ మూలమైన అక్షరం "దాద్". అరబ్బులు తమ భాషని "దాద్ భాష" అని ఆ అక్షరం పేరుతోనే చెప్పుకుంటారు. దాన్ని మనం హాయిగా మింగేశాం, ఎవరికీ నష్టం లేదు. 2022 ఏప్రిల్లో మా ఊరు పశ్చిమ గోదావరి జిల్లా నుంచి తూర్పు గోదావరి జిల్లాలోకి మారినా, "జిల్లా" అన్న మాటకి నొప్పి కలగలేదు. కాని గౌస్‌కి కలుగుతుంది. వాడు మొదటి బెంచీలో కూచుని, పిలిస్తే పలకాల్సినవాడు.

ఇంకో మాట. ఇంగ్లీషువాళ్ళు రాజమండ్రి అన్నారని, 2015లో మనం రాజమహేంద్రవరం అని దిద్దుకున్నాం. ఊరు వినలేదు, బాధపడలేదు, అయినా దిద్దుకున్నాం. మా ఊరినైతే ఉత్తరాది ప్రయాణీకులు "నిదాదవోలు" అంటుంటే పెట్టెలో ఉన్న నిడదవోలు వాళ్ళం అందరం ఒక్కసారిగా సరిచేస్తాం. ఏడేళ్ళవాడు అలా సరిచేయలేడు. మేష్టారికి ఎదురు చెప్పడమవుతుంది గనుక నోరు మూసుకుని "ప్రెజెంట్ సార్" అంటాడు. అలా పదేళ్ళు పలికాక తనే తన పేరుని మనలాగా చెప్పుకుంటాడు.

కాబట్టి సంఘం పెద్దలకి నా విన్నపం. మన కళాశాలలో ప్రవేశాలప్పుడు ఇంగ్లీషు దరఖాస్తు నింపుతాం. అందులో ఒక గడి చేర్పించండి: "ఇంట్లో పిలిచే విధంగా మీ పేరు తెలుగులో." వచ్చే క్రీడోత్సవంలో మైకు పట్టుకునే మిత్రుడు ఎవరైనా సరే, ఒక పావుగంట ముందు వచ్చి, జాబితాలో అనుమానమున్న పేర్లవాళ్ళని వెతికి అడగాలి. ఒరియా మిత్రులున్నారు, గిరిజన మిత్రులున్నారు, వాళ్ళ పేర్లకీ అదే పద్ధతి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. గౌస్ వాళ్ళ నాన్నని నేను రెండోసారి వెళ్ళి అడిగినప్పుడు, కుర్చీ వేయించి, టీ ఇప్పించి, ఇంటిల్లిపాది పేర్లూ చెప్పాడు. గౌస్ అన్నా ఖాదర్ అన్నా బాగ్దాదులో 1166లో పోయిన ఒక్క మహనీయుడినే తలుచుకున్నట్టట. అది నాకు అప్పటిదాకా తెలీదు.

జైనబ్ మాత్రం ఇంకా కుదరలేదు. "జై" దగ్గర నాలుక మళ్ళీ పాత చోటికే పోతోంది. నిన్న రాత్రి అన్నం తింటూ మూడుసార్లు అన్నాను. మా అమ్మాయి శ్రద్ధగా విని, "కొంచెం నయం. రేపు దాన్నే తీసుకొస్తాను, దాని ముందు అను" అంది.